రాళ్ల మీద పసుపు మచ్చలు

ప్రశ్న: ఆస్ట్రియాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆల్ప్స్ కొండరాళ్ల మీద పసుపూ ఆకుపచ్చా కలిసిన మచ్చలు చూశాను. నల్లటి గీతలతో అచ్చం మ్యాపులా ఉన్నాయి. అది నాచేనా? దాన్ని కొలిచి రాయి వయసు చెబుతారట, నిజమేనా? మన గుట్టల మీదా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నాచు కాదండీ, లైకెన్. మీరు చెప్పిన గుర్తులను బట్టి రైజోకార్పన్ జియోగ్రాఫికమ్ అయ్యుండాలి. మ్యాప్ లైకెన్ అనేది దీన్నే. శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి ఇది. శైవలం వెలుతురుతో ఆహారం తయారుచేస్తే, శిలీంధ్రం రాతిని పట్టుకుని దానికి చోటిస్తుంది.

పది రెట్ల లెన్సు పెట్టి చూడండి. పసుపు భాగమంతా ఎండిన చెరువు మట్టిలా చిన్న చిన్న పలకలుగా పగిలి ఉంటుంది. సిద్ధబీజాలు తయారయ్యే నల్లటి చుక్కలు ఆ పలకల మీద కాదు, సందుల్లో ఉంటాయి. గుర్తుపట్టడానికి ఇదే ముఖ్యం. చుట్టూ ఉన్న నల్లటి అంచు శిలీంధ్రం ఒక్కటే ముందుకు పాకిన భాగం. రెండు లైకెన్లు ఎదురుపడ్డచోట ఈ అంచులే మీరు చూసిన గీతలవుతాయి. పసుపు రంగు రైజోకార్పిక్ ఆమ్లానిది. తీవ్రమైన ఎండ నుంచి లోపలి శైవలాన్ని అదే కాపాడుతుంది.

గ్రానైటు, నీస్, క్వార్ట్‌జైటు వంటి సిలికా రాళ్ల మీదే ఇది పెరుగుతుంది. సున్నపురాయి మీద వెతకక్కర్లేదు. చల్లటి కొండలు, ధ్రువప్రాంతాలు దీని చోటు. హిమాలయాల్లోనూ ఉంది. మన గుట్టలు గ్రానైటువే అయినా ఇక్కడి వేడి దీనికి పడదు. ఇక్కడ కనిపించే మచ్చలు వేరే లైకెన్లవి.

వయసు సంగతి నిజమే. అయితే తెలిసేది రాయి పుట్టి ఎన్నేళ్లయిందని కాదు, ఆ రాతిముఖం బయటపడి ఎన్నేళ్లయిందని. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు రోలాండ్ బెషెల్ 1950లో ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు. ఈ లైకెన్ సాధారణంగా ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. హిమానీనదం కరిగి వదిలేసిన రాళ్ల మీద అన్నిటికన్నా పెద్దదాన్ని, గుండ్రంగా ఉన్నదాన్ని వెతికి వ్యాసం కొలుస్తారు. అదే ప్రాంతంలో తేదీ చెక్కి ఉన్న సమాధిరాళ్ల మీది లైకెన్లను కొలిస్తే అక్కడి పెరుగుదల వేగం దొరుకుతుంది. పక్క దేశపు వేగంతో లెక్కకడితే తప్పుతుంది. రెండు కలిసిపోయినవాటిని ఒకటిగా కొలిస్తే వయసు ఎక్కువ వస్తుంది, అందుకే మధ్యలో నల్లగీత ఉందేమో చూసుకోవాలి. మంచు ఎక్కువ కాలం పేరుకునే చోట పాతవి చచ్చి కొత్తవి మొదలవుతాయి కాబట్టి వయసు తక్కువ వస్తుంది. రాయి బయటపడ్డాక లైకెన్ మొలకెత్తడానికి పట్టే ఏళ్లనూ లెక్కలో కలపాలి.

మళ్లీ వెళ్తే దయచేసి గీకి తెచ్చుకోకండి. అరచేయంత లైకెన్ వందల ఏళ్లది కావచ్చు. పక్కన స్కేలు పెట్టి, పైనుంచి నిటారుగా ఫొటో తీస్తే కొలవడానికి అది చాలు.