జీఎంను తిట్టేముందు తేదీ చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

మాంట్రియల్ ఐస్ హాకీ జట్టుకు 2012 నుంచి 2021 దాకా జీఎంగా, అంటే జనరల్ మేనేజరుగా, ఉన్న మార్క్ బెర్జెవాన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మంచి వేడి మీద రాశావు. మాంట్రియల్‌లో అడుగుపెట్టి ఎంతో కాలం కాకుండానే ఆ ఊరి కోపం నీకు బాగా అంటుకుంది. తెలుగు కూడా ఎక్కడా తడబడలేదు. చిక్కల్లా శీర్షికతోనే. ‘హాబ్స్‌ను ముంచిన మనిషి’ అని పైనే తేల్చేశావు (హాబ్స్ అంటే మాంట్రియల్ జట్టుకు ముద్దుపేరు). ఇక ఐదు పేజీలూ ఆ మాటకు సాక్ష్యాలు ఏరడంతో సరిపోయింది. తీర్పు ముందే తెలిసిపోయాక పాఠకుడు వాదనలు ఎందుకు వింటాడు?

జీఎం మీద గొడవ అంటే ఏమిటో మన వాళ్లకు కాస్త చెప్పాలి. మామూలుగా జులై నుంచి సెప్టెంబరు దాకా ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్‌లో) లీగ్ మ్యాచ్‌లు ఉండవు. అయినా మాంట్రియల్‌లో హాకీ మాట ఆగదు. ఎవర్ని అమ్మాడు, ఎవర్ని కొన్నాడు, ఎవరికి ఎన్నేళ్ల కాంట్రాక్టు ఇచ్చాడు, డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట) ఏ కుర్రాణ్ణి వదిలేశాడు... ఆ మూడు నెలలూ ఊరంతా ఇదే. మ్యాచ్ అయితే మూడు గంటల్లో తేలిపోతుంది. ఈ పంచాయితీ మాత్రం ఏళ్ల తరబడి తెగదు. నువ్వు పట్టుకున్న విషయం అందుకే గట్టిది.

నేను చెప్పేది ఒకటే. జీఎం ఒక నిర్ణయం తీసుకున్నాడంటే, ఆ రోజు అతని ముందు ఏముందో మొదట రాయి. ఆ రోజు జనం ఏమన్నారో ఆ తర్వాత రాయి. చివరికి ఏమైందన్నది దాని వంతు వచ్చినప్పుడు చెప్పు. నీ వ్యాసంలో మూడూ ఒకే వాక్యంలో కలిసిపోయాయి.

సుబ్బాన్ సంగతే తీసుకో. (మన పాఠకులు పేరు చూసి సుబ్బన్న అనుకునేరు. పీకే సుబ్బాన్ టొరంటోలో పుట్టాడు, తల్లిదండ్రులు కరీబియన్ నుంచి వచ్చినవాళ్లు.) నువ్వు రాసింది: ‘2016లో బెర్జెవాన్ సుబ్బాన్‌ను అమ్మేసి, ముసలివాడైన వెబర్‌ను తెచ్చుకున్నాడు.’ అంతే. ఈ ఒక్క వాక్యం వెనక కనీసం రెండు పేజీల కథ ఉంది, నువ్వు దాన్ని దాటేసి వెళ్లిపోయావు.

ఆ రోజు 2016 జూన్ 29. సుబ్బాన్‌కు 27 ఏళ్లు, షే వెబర్‌కు 30. సుబ్బాన్ 2014లో ఎనిమిదేళ్లకు 7.2 కోట్ల డాలర్ల కాంట్రాక్టు చేశాడు. అతని ఒప్పుకోలు లేకుండా ట్రేడ్ చేయడానికి, అంటే వేరే జట్టుకు మారకంగా ఇచ్చేయడానికి, వీల్లేదన్న షరతు అందులో ఉంది, కానీ అది 2016 జులై 1 నుంచే అమల్లోకి వస్తుంది. అంటే జీఎం చేతిలో ఇక రెండు రోజులే ఉన్నాయి. ఈ ముక్క నీ వ్యాసంలో ఎక్కడా లేదు! ఈ గడువు చెబితే పాఠకుడికి కూడా ఆ టెన్షన్ తెలుస్తుంది. అవతల నాష్‌విల్ జట్టులో ఉన్న వెబర్‌ది 2012లో 14 ఏళ్లకు కుదిరిన కాంట్రాక్టు, 2026 దాకా నడుస్తుంది. 30 ఏళ్ల డిఫెండర్‌ను, ఇంకా పదేళ్ల జీతం బాకీతో సహా తెచ్చుకుంటున్నారు. తిట్టినవాళ్లు ఊరికే తిట్టలేదు, లెక్క కట్టి తిట్టారు.

అందులో ప్రేమ కూడా ఉంది. సుబ్బాన్ 2013లో ఉత్తమ డిఫెండర్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచాడు. 2015 సెప్టెంబరులో మాంట్రియల్ పిల్లల ఆస్పత్రికి కోటి డాలర్లు సేకరించి ఇస్తానని మాటిచ్చాడు. ఏడాది తిరక్కుండానే అలాంటి మనిషిని పంపించేస్తే ఊరు ఊరుకుంటుందా? అదే రోజు, కాసేపటి ముందే, ఎడ్మంటన్ జట్టు టేలర్ హాల్‌ను న్యూజెర్సీకి ఇచ్చి ఆడమ్ లార్సన్‌ను తెచ్చుకుంది. ఆ వార్తకే నోళ్లు వెళ్లబెట్టిన జనం మీద ఇది వచ్చిపడింది.

నేను అప్పట్లో మాంట్రియల్‌లోనే, సెయింట్ లారెంట్ వైపు ఒక గోడౌన్‌లో పనిచేసేవాణ్ణి. మాతో లోడింగ్ దగ్గర పనిచేసే ఒకతనికి సుబ్బాన్ జెర్సీ ఉండేది, 76 నంబరుది. కొత్త సీజన్ మొదలయ్యే నాటికి ఆ 7 మీద పెట్టెలకు వేసే నల్ల టేపు అతికించి దాన్ని 6 చేశాడు. వెబర్ నంబరు 6. పైన సుబ్బాన్ పేరు మాత్రం అలాగే ఉంచాడు. కోపమా, రాజీయా, పిసినారితనమా అని మేం అడిగితే కొత్త జెర్సీ రేటు చెప్పాడు. నీకు కావలసింది ఇలాంటి మనిషి. ‘అభిమానులు భగ్గుమన్నారు’ అని నువ్వు మూడుచోట్ల రాశావు, ఒక్క అభిమాని ముఖం కూడా నాకు కనబడలేదు.

ఇక తేదీలు మార్చి చూడు. 2017 జూన్: నాష్‌విల్ జట్టు సుబ్బాన్‌తో లీగ్ కప్పయిన స్టాన్లీ కప్ ఫైనల్ ఆడింది, పిట్స్‌బర్గ్ చేతిలో ఓడింది. ఆ నెలలో బెర్జెవాన్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు అరుదు. 2019 జూన్: నాష్‌విల్ కూడా సుబ్బాన్‌ను న్యూజెర్సీకి పంపేసింది. 2021 జులై: వెబర్ కెప్టెన్‌గా మాంట్రియల్ ఫైనల్లో ఉంది. ఆ తర్వాత గాయాల వల్ల వెబర్ మళ్లీ ఆడలేదు. 2022 సెప్టెంబరులో సుబ్బాన్ రిటైరయ్యాడు. 2024లో వెబర్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. ఒకే ట్రేడ్, అడిగిన ఏడాదిని బట్టి జవాబు మారుతూ వచ్చింది. ‘ఎవరు గెలిచారు’ అని నువ్వు చివర్లో అడిగావు చూడు, అది ఏ తేదీన అడుగుతున్నావో కూడా చెప్పు.

డబ్బు లెక్క దగ్గర నువ్వు పాఠకుణ్ణి వదిలేశావు. ‘సాలరీ క్యాప్’ అని రాసి ముందుకెళ్లిపోయావు. ఒక జట్టు ఆటగాళ్లందరి జీతాల మొత్తానికి లీగ్ పెట్టే పరిమితి అని ఒక్క ముక్క చెప్పాలి కదా. మన వాళ్లకు ఐపీఎల్ తెలుసు కదా, దాన్ని వాడుకో. 2022 వేలానికి ముందు సన్‌రైజర్స్ రషీద్ ఖాన్‌ను వదులుకుంది, అతను గుజరాత్‌కు వెళ్లి మొదటి ఏడే కప్పు ఎత్తాడు. అప్పుడు హైదరాబాద్‌లో ఎంత రచ్చ జరిగిందో గుర్తు చేస్తే చాలు, సగం విషయం అర్థమైపోతుంది. తేడా ఒక్కటి చెప్పాలి: ఐపీఎల్‌లో కొన్నేళ్లకోసారి మెగా వేలంతో పలక తుడిచేస్తారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో జీఎం సంతకం పెట్టింది ఏడెనిమిదేళ్లు వెంటాడుతుంది. మాంట్రియల్ గోలీ (గోల్‌కీపర్) క్యారీ ప్రైస్‌కు 2017 జులైలో ఎనిమిదేళ్లకు 8.4 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఏడాదికి కోటీ 5 లక్షలు. అది 2018-19లో మొదలైంది, ఆ ఏడాది జట్టు మొత్తానికి క్యాప్ 7.95 కోట్లు. ప్రైస్ చివరి మ్యాచ్ 2022 ఏప్రిల్‌లో ఆడాడు, కాంట్రాక్టు మాత్రం 2026 దాకా కుదిరింది. అలాగని ‘పిచ్చి కాంట్రాక్టు’ అని రాసేయకు. 2015లో లీగ్ మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నవాడు అతను. 2017లో అతణ్ణి వదులుకుని ఉంటే మాంట్రియల్‌లో బెర్జెవాన్ ఇంటికి పాలు పోసేవాడు కూడా ఉండేవాడు కాదు.

ఐపీఎల్ పోలిక ఒక్కసారి చాలు. పేజీకోసారి ధోనీని లాక్కురావద్దు.

పాచియొరెట్టి ట్రేడ్‌ను నువ్వు ‘కెప్టెన్‌ను కారుచౌకగా అమ్మాడు’ అన్న పద్దు కింద వేసి, ఆ వెంటనే నిక్ సుజుకిని పొగిడావు. సుజుకి వచ్చిందే ఆ ట్రేడ్‌లో కదా! 2018 సెప్టెంబరులో కెప్టెన్ మ్యాక్స్ పాచియొరెట్టిని వేగస్‌కు ఇచ్చి టోమాస్ టటార్‌ను, సుజుకిని, డ్రాఫ్ట్‌లో ఒక రెండో రౌండ్ పిక్‌ను (కుర్రాణ్ణి ఎంచుకునే వంతును) తెచ్చుకున్నారు. పాచియొరెట్టి కాంట్రాక్టు ఇంకో ఏడాదిలో అయిపోతుంది, ఆ తర్వాత ఊరికే వెళ్లిపోవచ్చు. సుజుకికి 19 ఏళ్లు, ఎన్‌హెచ్‌ఎల్‌లో అప్పటికి ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2022లో అతనే జట్టు కెప్టెన్ అయ్యాడు. బెర్జెవాన్ మీద కేసు పెట్టాలంటే పెట్టు, కానీ ఈ కాగితం దాచేస్తే కేసు నిలవదు.

డ్రువాన్ దగ్గర మాత్రం నీ మీద నాకు కోపం వచ్చింది. 2017 జూన్‌లో మిఖాయిల్ సెర్గచోవ్‌ను టాంపాకు ఇచ్చి జొనథన్ డ్రువాన్‌ను తేవడం చెడ్డ బేరం అన్నావు. అనొచ్చు. సెర్గచోవ్ టాంపాతో 2020లో, 2021లో కప్పు గెలిచాడు, రెండోది మాంట్రియల్ మీదే. కానీ డ్రువాన్‌ను ‘జీతం తిని పారిపోయినవాడు’ అన్నావు. 2021 ఏప్రిల్‌లో అతను జట్టుకు దూరమయ్యాడు. ఆందోళన, నిద్రలేమితో ఏళ్లుగా అవస్థ పడుతున్నానని ఆ సెప్టెంబరులో తనే బయటికి చెప్పాడు. ఆ తేదీ తర్వాత నువ్వు ఆ మాట రాయకూడదు. స్టాండ్స్‌లో ఒకడు అరిచాడంటే అది అరుపు, నువ్వు రాస్తే అది నీ మాట. ఆ పేరా పూర్తిగా తీసెయ్.

ఆ ట్రేడ్‌లో ఇంకో కోణం నీ కంట పడలేదు. డ్రువాన్ మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రపు కుర్రాడు, ఇంటి భాష ఫ్రెంచ్. ఆ రోజు సంబరపడ్డవాళ్లలో చాలామంది సంబరం దానికే. 2011 డిసెంబరులో ఫ్రెంచ్ రాని ర్యాండీ కనీవర్త్‌ను తాత్కాలిక కోచ్‌గా పెడితే క్యుబెక్‌లో ఎంత రభస అయిందో పాత పేపర్లు తీసి చూడు. 2012లో బెర్జెవాన్‌ను తెచ్చినప్పుడు అతను మాంట్రియల్‌వాడే కావడం, ఫ్రెంచ్ మాట్లాడటం చిన్న విషయం కాదు. అతని తర్వాత ఫ్రెంచ్ రాని జెఫ్ గోర్టన్‌ను పైన కూర్చోబెట్టాక, జీఎంగా రెండు భాషలూ వచ్చిన కెంట్ హ్యూస్‌ను 2022 జనవరిలో తెచ్చారు. భాష గురించి జనం ఎలా తగువులాడతారో తెలుగువాడివి, నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ భాగం నువ్వు అందరికంటే బాగా రాయగలవు. రెండు మూడు పేరాలు తీసుకో, తొందరేం లేదు.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చింది కరోలినా వ్యవహారం. నవ్వొచ్చే చోట నవ్వించావు. 2019 జులై 1న కరోలినా ఆటగాడు సెబాస్టియన్ ఆహోకు బెర్జెవాన్ ఐదేళ్లకు 4.22 కోట్ల డాలర్ల పైచిలుకు ఆఫర్ షీట్ పంపడం (పాత జట్టు అదే మొత్తం ఇస్తే ఆటగాడు అక్కడే ఉంటాడు, లేకపోతే కొత్త జట్టు పరిహారంగా డ్రాఫ్ట్ పిక్‌లు ఇచ్చి తీసుకుపోతుంది), వారం తిరక్కుండా కరోలినా దానికి సరితూగి ఆహోను ఉంచేసుకోవడం, రెండేళ్లకు 2021 ఆగస్టులో అదే కరోలినా మాంట్రియల్ ఆటగాడు జెస్పెరి కొట్కానియెమికి ఏడాదికి 61 లక్షల ఆఫర్ పంపి బదులు తీర్చుకోవడం. అందులో సైనింగ్ బోనస్ 20 డాలర్లు, ఆహో జెర్సీ నంబరు 20. ఇంత చక్కటి వెటకారం దొరికాక, కింద ‘ఇది ప్రతీకారమని వేరే చెప్పక్కర్లేదు’ అని మళ్లీ చెప్పడం దేనికి? కొట్టెయ్. దాని బదులు ఆహో ఆఫర్ మీద జనం నిజంగా దేనికి కొట్టుకున్నారో రాయి. ఆ మొత్తానికి పరిహారం మొదటి, రెండో, మూడో రౌండ్ పిక్‌లు. ఇంకో మెట్టు పైకి వెళ్తే ఇంకో మొదటి రౌండ్ పిక్ పోతుంది. ‘తెగించినవాడు ఆ మెట్టు కూడా ఎక్కాలి కదా’ అని ఒక వర్గం, ‘వాళ్లు ఎలాగూ వదలరు, ఎక్కి ఏం లాభం’ అని ఇంకో వర్గం. రెండిట్లోనూ పస ఉంది. వాళ్లిద్దర్నీ మాట్లాడనివ్వు, మధ్యలో నువ్వు దూరకు.

2021ని నువ్వు ఒక్క లైనులో తేల్చడం మాత్రం ఘోరం. మాంట్రియల్‌వాళ్లు టొరంటోతో సిరీస్‌లో 3-1 వెనకబడి లేచారు. జూన్ 24న, క్యుబెక్ జాతీయ పండగ రోజునే, ఓవర్‌టైమ్ గోల్‌తో వేగస్‌ను ఇంటికి పంపి, 1993 తర్వాత మొదటిసారి ఫైనల్ చేరారు. కొవిడ్ వల్ల సొంత మైదానం బెల్ సెంటర్ లోపలికి 3,500 మందినే రానిచ్చారు, మిగతా ఊరంతా వీధుల్లో ఉంది. ఆ ఏడాది ఉత్తమ జీఎం అవార్డుకు తుది ముగ్గురిలో బెర్జెవాన్ పేరుంది. జులై 7న టాంపా చేతిలో ఓడిపోయారు. నవంబరు 28న అతణ్ణి తీసేశారు. ఐదు నెలలు కూడా కాలేదు. నేనైతే వ్యాసం ఇక్కడ మొదలుపెట్టి, ఆ రెండు తేదీల మధ్య నిలబడి వెనక్కి చూస్తాను. నీ ఇష్టం నీది.

నువ్వు పక్షం తీసుకోవద్దని నేను అనడం లేదు. నన్నడిగితే సెర్గచోవ్‌ను ఇచ్చేయడం తప్పే, పాచియొరెట్టిని పంపడం మంచి పనే, సుబ్బాన్ దగ్గర నేను ఇప్పటికీ జెర్సీకి టేపేసినతని పక్షమే. నువ్వు వేరేగా అనుకుంటే అనుకో. అభిప్రాయం ఎదుటివాడి బలమైన వాదన తర్వాత రావాలి, ముందు కాదు.

ఇంకొకటి. ఇక్కడ టొరంటో వైపు పంజాబీలు హాకీని తమ భాషలో టీవీ కామెంటరీగా వినడం మొదలుపెట్టి ఎన్నో ఏళ్లయింది. మనకు అలాంటిది లేదు కాబట్టి మాటలు నువ్వే తేల్చుకోవాలి. జీఎం, ట్రేడ్, డ్రాఫ్ట్, పిక్... వీటిని అలాగే ఉంచు. ‘ప్రధాన నిర్వాహకుడు’ అని రాశావు, అది చదివి దేవాదాయ శాఖ అనుకున్నాను.

డ్రువాన్ పేరా తీసేసి, జూన్ 29ని విడిగా రాసి పంపు. కొట్కానియెమి వెళ్లిన రోజునే ఆ ఖాళీ నింపడానికి క్రిస్టియన్ డ్వొరాక్‌ను తెచ్చారు, దానికి పిక్‌లు ఇచ్చారు. ఆ లెక్క నీ దాంట్లో లేదు, అది కూడా కలుపు. ఈసారి శీర్షిక ఆఖర్న పెట్టు.

ఇట్లు,
మీ అన్నయ్య
మిసిసాగా