మూడుసార్లు మాత్ర వేసినా నులిపురుగులు తగ్గడం లేదు

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. రాత్రిళ్లు మలద్వారం దగ్గర దురదతో లేచి ఏడుస్తుంది. తెల్లని దారప్పోగుల్లాంటి పురుగులు కనిపించాయి. మందుల షాపులో అడిగి మూడు నెలల్లో మూడుసార్లు ఆల్బెండజోల్ వేశాం. కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలవుతోంది. తమ్ముడికి ఏ ఇబ్బందీ లేదని వాడికి వేయలేదు. ఇంతకంటే బలమైన మందు ఉందా? పాప ఈ మధ్య నీరసంగా ఉంటూ బలపాలు తింటోంది.
- ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన విషయం గురించే ముందు చెబుతాను. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినే పిల్లల్లో ఐరన్ లోపం తరచుగా కనిపిస్తుంది. దారప్పోగుల్లాంటి పురుగులు సాధారణంగా రక్తహీనత తేవు. రక్తం పీల్చేవి కొంకిపురుగులు. చెప్పుల్లేకుండా నడిచినప్పుడు అవి మట్టిలోంచి పాదాల చర్మం గుండా ఒంట్లోకి చేరతాయి. పాపకు అవీ ఉన్నాయా, తిండిలోనే ఐరన్ తక్కువైందా అన్నది చూడకుండా చెప్పలేను. ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్, మల పరీక్షలు చేయించండి. మూడు నెలలు షాపు కౌంటరు దగ్గరే గడిచిపోయాయి. ఒక్కరైనా పాప కింది కనురెప్ప లాగి రంగు చూశారా? ఐరన్ సిరప్ కూడా షాపులో అడిగి తెచ్చేయకండి, దయచేసి.

ఇక మందు సంగతి. అది పనిచేయలేదని నేను అనుకోవడం లేదు. ఆల్బెండజోల్ ఎదిగిన పురుగులను చంపుతుంది, గుడ్లను అంతగా చంపలేదు. ఆడ పురుగు రాత్రి బయటికి వచ్చి గుడ్లు పెడుతుంది, పాప గోకుతుంది, గోళ్లలో చేరిన గుడ్లు మళ్లీ నోట్లోకే వెళ్తాయి. పక్కబట్టల మీద అవి రెండు మూడు వారాలు బతుకుతాయి. అందుకే రెండు వారాలకు రెండో మోతాదు కావాలి, మీరు నెలకోసారి వేశారు. పైగా ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలి. దురద లేకపోయినా తమ్ముడి ఒంట్లో పురుగులు ఉండవచ్చు. వాడి మోతాదు వయసును బట్టి డాక్టరు చెప్పాలి. ఇంట్లో గర్భిణి ఉంటే అడగకుండా అసలు వేసుకోకూడదు. మాత్ర వేసిన మర్నాడు పక్కబట్టలు, లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. గోళ్లు కత్తిరించండి. పొద్దున లేవగానే స్నానం చేయించండి.

మల పరీక్షలో ఈ దారప్పోగుల పురుగుల గుడ్లు దొరకకపోవచ్చు. పొద్దున కడగకముందే మలద్వారం దగ్గర అంటుకునే టేపు అద్ది, దానికి గుడ్లు అంటుకున్నాయేమో చూసే పరీక్ష ఉంది, డాక్టరును అడగండి. పాపకు మూత్రంలో మంట ఉంటే అదీ చెప్పండి. ఆడపిల్లల్లో ఈ పురుగులు ముందువైపుకూ పాకుతాయి.