అక్కా, ఎవరికీ చెప్పొద్దు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. పదకొండో ఏట అమ్మానాన్నలతో విజయవాడ నుంచి డాలస్ వచ్చేశాను. కంప్యూటర్స్ చదివి, రెండేళ్లు ఉద్యోగం చేసి మానేశాను. ఏడాదిన్నరగా యూటా ఎడారిలో వైల్డర్‌నెస్ థెరపీ గైడ్‌గా పనిచేస్తున్నాను. మత్తుకు అలవాటుపడ్డవాళ్లు, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరి మాటా విననివాళ్లు... ఇలాంటి టీనేజ్ పిల్లలతో ఎనిమిది రోజులు ఆరుబయటే ఉంటాం. తర్వాత ఆరు రోజులు సెలవు. నాన్న "ఇంజినీరింగ్ చదివించింది గొర్రెలు కాయడానికా" అంటారు. అమ్మ చుట్టాలందరికీ "హెల్త్‌కేర్‌లో చేస్తోంది" అని చెబుతుంది. పోయిన షిఫ్టులో మా గ్రూపులోకి 16 ఏళ్ల తెలుగబ్బాయి వచ్చాడు. నన్ను అక్కా అంటాడు, మిగతావాళ్లకు తెలియకుండా తెలుగులో మాట్లాడతాడు. ఆఖరి రాత్రి, "వాళ్లకేం కావాలో అదే చెప్తున్నా. ఇంటికెళ్లాక ఇంకెవరికీ నాతో బాధ ఉండదులే. అక్కా, ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. చెప్పనని మాటిచ్చేశాను. ఇప్పుడు సెలవులో ఉన్నాను, కన్ను మూతపడటం లేదు. వాళ్లమ్మ మా అమ్మకు గుడిలో పరిచయమట. "వాళ్లబ్బాయి కనబడటం లేదు, మీ దగ్గరికి గానీ వచ్చాడా" అని అమ్మ అడుగుతోంది. నేను ఈ పనికి తగనేమో అనిపిస్తోంది.

జవాబు: నీ ఉత్తరం చూసిన గంటలోనే నీకు రెండు ముక్కలు రాశాను కదమ్మా, ముందు మీ ఆన్‌కాల్ థెరపిస్టుకు ఫోన్ చెయ్యి అని. చేశానని, ఆ రాత్రి నుంచే అతని పక్కన గైడ్లు పడుకుంటున్నారని నీ దగ్గర్నుంచి కబురొచ్చాక ఈ మిగతాది రాస్తున్నాను. ఇక్కడ వేసేటప్పుడు నీ ఉత్తరాన్ని కుదించి, ఊళ్లు, వయసులు కొన్ని మార్చాను.

మాట తప్పానని కుమిలిపోతున్నావు. నన్నడిగితే నీ తప్పు మాట తప్పడంలో లేదు, మాట ఇవ్వడంలో ఉంది. పదహారేళ్ల పిల్లవాడు అర్ధరాత్రి, మనవాళ్లెవరూ లేనిచోట, మన భాషలో అక్కా అని పిలిస్తే ఎవరి మనసైనా కరుగుతుంది. ఆ పిలుపులోనే చిక్కుంది. మన ఇళ్లలో అక్క అంటే నాన్నకు తెలియకుండా తమ్ముడి మార్కుల కాగితం దాచే మనిషి. గైడ్ అంటే దాచని మనిషి. వాడికి నువ్వు రెండూ అయ్యావు. రెండూ ఒక్కచోట నిలబడలేని ఘడియ వచ్చింది, అంతే.

రేపు షిఫ్టుకు వెళ్లాక అతను నీతో మాట్లాడకపోవచ్చు. మాట్లాడే దాకా ఆగకుండా నువ్వే వెళ్లి కూర్చో. "నువ్వు చెప్పింది థెరపిస్టుకు చెప్పాను. నీ ప్రాణం సంగతి నేనొక్కదాన్నే మొయ్యలేను. కోపం వస్తే రానీ, నేనిక్కడే ఉంటా" అని తెలుగులోనే చెప్పు. సంజాయిషీ పొడిగించకు, బతిమాలకు. ఇకమీదట కొత్తగా ఎవరొచ్చినా మొదటిరోజే చెప్పేయాలి: ప్రాణానికి ముప్పు ఉన్నవి, ఎవరైనా నిన్ను హింసిస్తున్నారన్నవి దాచను, నీ ప్రేమకథలు మాత్రం నా దగ్గరే ఉంటాయి అని. పిల్లలపై హింస గురించి తెలిస్తే ఫిర్యాదు చేయాల్సిన బాధ్యత యూటా చట్టం ప్రకారం పెద్దవాళ్లందరిదీ అని నీకు శిక్షణలో చెప్పే ఉంటారు.

ఇంకో మాట. "చచ్చిపోవాలని ఉందా?" అని సూటిగా అడగడానికి మనవాళ్లు వణికిపోతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయం. అలా ఏమీ పుట్టదు. అడిగితే చాలామందికి గుండె మీద బండ దించినట్టుంటుంది. ఆ రాత్రి నువ్వు అడగలేకపోయావు, సరే. ఈసారి అడుగు. తెలుగులో మాట్లాడటం తప్పు కాదు, మాట్లాడనీ. కానీ గంట తిరిగేలోపు దాని సారాంశం నీ తోటి గైడ్‌కు ఇంగ్లిషులో చెప్పు. మీ ఇద్దరి భాష వాడికి ఆసరాగా ఉండాలి గానీ, దాక్కునే గుహ కాకూడదు.

అమ్మ సంగతికి వద్దాం. ఇది నీకు చిన్నదిగా అనిపిస్తున్నట్టుంది, నాకలా అనిపించలేదు. ఆ అబ్బాయి మీ దగ్గర ఉన్నాడని ఒప్పుకోకు. లేడని అబద్ధం కూడా ఆడకు. ఇవాళ ఈ అబ్బాయికి లేడంటావు, ఏడాది తర్వాత ఇంకో అబ్బాయి గురించి అడిగితే నోరు మెదపవు. అమ్మలు లెక్కలు బాగా కడతారు, ఆ మౌనానికి అర్థం వెంటనే పట్టేస్తారు. కాబట్టి ఎవరి గురించి అడిగినా ఒకటే జవాబు ఉండాలి: "అమ్మా, మా దగ్గరికి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో నేను చెప్పకూడదు. రేపు నీ మనవడి గురించి అడిగినా ఇదే అంటా." ఒకటి రెండుసార్లు అలుగుతుంది. తర్వాత గుడిలో తనే గొప్పగా చెప్పుకుంటుంది, మా అమ్మాయి నోరు విప్పదు అని. గుర్తుంచుకో, ఆ అబ్బాయి ఊసు డాలస్‌లో పొక్కితే వాడు తిరిగి వెళ్లాల్సింది ఆ ఊరికే, ఆ గుడికే.

మీ నాన్న మాటకు మాత్రం నవ్వొచ్చింది. నేను సైకాలజీ తీసుకున్నప్పుడు మా పెదనాన్న నన్ను "పిచ్చోళ్ల పంతులమ్మ" అనేవారు. పెళ్లిచూపుల్లో మా అమ్మ నేను "కాలేజీలో" ఉన్నానని మాత్రమే చెప్పేది, ఏ డిపార్ట్‌మెంటో చెప్పకుండా. మీ అమ్మ చెప్పే "హెల్త్‌కేర్" అంతకంటే నిజానికి దగ్గరగానే ఉంది! వాళ్లకు నీ పనంటే చిన్నచూపు కాదేమో, అదేమిటో ఊహకే అందక అలా అంటున్నారు. సేజ్‌బ్రష్ అనే ఎడారి పొద పుల్లను విల్లుతో తిప్పి నిప్పు రాజెయ్యడం పిల్లలకు నేర్పుతావని రాశావు. మన యజ్ఞాల్లో అరణి మథించడమూ ఇలాంటిదేనని నాన్నకు చెప్పు. తన సొంత నిప్పు పుట్టేదాకా అన్నం వేడి చేసుకోలేని పిల్లవాడు మూడో వారంలో పొగ చూసి ఎందుకు ఏడుస్తాడో కూడా చెప్పు. ఇలాంటివి ఎప్పుడైనా వాళ్లతో చెప్పావా? నీ ఉత్తరంలో వాళ్లు నిన్ను అన్నవే ఉన్నాయి, నువ్వు వాళ్లతో అన్నది ఒక్కటీ లేదు.

ఇక అసలు ప్రశ్న, ఈ పనిలో ఉండాలా వద్దా. నీకు తగదని నేననుకోవడం లేదు. అయితే నువ్వున్న రంగం గురించి కళ్లు తెరుచుకుని ఉండాలి. 1960ల చివర్లో యూటాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో ఎడారిలో బతకడం నేర్పే కోర్సు పెట్టారు. ఆ వేరు నుంచే ఇక్కడి ప్రోగ్రాములు పుట్టాయి. వాటివల్ల బాగుపడ్డామనే పిల్లలూ ఉన్నారు, జీవితాంతం పీడకలలు మిగిలాయనేవాళ్లూ ఉన్నారు. 1994లో యూటాలోనే ఒక 16 ఏళ్ల అబ్బాయి రోజుల తరబడి కడుపునొప్పి అని మొత్తుకుంటే, నటిస్తున్నాడనుకున్నారు సిబ్బంది. వాడి పొట్ట లోపలి పొర వాచిపోయింది, ప్రాణం పోయింది. 2007లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఇలాంటి మరణాల మీద అమెరికా కాంగ్రెస్‌కు నివేదిక ఇచ్చింది. అయినా 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలో 12 ఏళ్ల పిల్లవాడు క్యాంపుకొచ్చిన మొదటి రాత్రే చనిపోయాడు. ఆ ఏడాది డిసెంబరులో గానీ ఇలాంటి సంస్థల మీద దేశవ్యాప్త చట్టం రాలేదు, అదీ ముందు అధ్యయనం చేయించడానికే.

ఇవన్నీ నిన్ను భయపెట్టడానికి కాదు. నీ సంస్థను నువ్వే పరీక్షించు. పిల్లవాడు నొప్పి అంటే మీ సీనియర్ గైడ్ మొదట ఏమంటాడు, "చూద్దాం" అంటాడా, "డ్రామా" అంటాడా? అర్ధరాత్రి పక్క మీంచి లేపి, మనుషుల్ని పెట్టి పట్టుకొచ్చిన పిల్లలు ఎందరు? వారానికోసారి ఇంటివాళ్లతో ఎవరూ వినకుండా మాట్లాడే హక్కును యూటాలో 2021 చట్టం పిల్లలకిచ్చింది. మీ దగ్గర అది నిజంగా జరుగుతోందా, గైడ్ పక్కన కూర్చుని వింటున్నాడా? ఈ మూడింటికీ నీకు నచ్చని జవాబులొస్తే ఆ సంస్థ వదిలెయ్యి, రాష్ట్ర అధికారులకు చెప్పి మరీ వదిలెయ్యి. మంచి జవాబులొస్తే ఇంకో ఏడాది ఉండు. కానీ గైడ్ పని ముసలితనం దాకా చేసేది కాదు, మోకాళ్లూ మనసూ రెండూ అరుగుతాయి. సోషల్ వర్క్‌లో మాస్టర్స్ రెండేళ్లు. నీకున్న అనుభవంతో దరఖాస్తు పెట్టుకుంటే ఎదురు కూర్చునేవాళ్లు నిన్ను తేలిగ్గా తీసుకోరు.

నిద్ర గురించి. సెలవుల్లో కూడా రాత్రి ఉలిక్కిపడి లేచి తలలు లెక్కపెడుతున్నానని రాశావు. ఎవరో చీకట్లో పేరు అరుస్తున్నట్టు వినిపిస్తోందన్నావు. పిల్లలు చాటుకు వెళ్లినప్పుడు పారిపోలేదని తెలియడానికి పేరు అరుస్తూ ఉంటారు కదా, ఆ అరుపులు నీ చెవుల్లోంచి ఇంకా దిగలేదు. ఇతరుల గాయాలు వినీవినీ మనకు అంటుకునే బాధ ఇది. మా వృత్తిలో అందరికీ తెలిసినదే, సిగ్గుపడాల్సింది కాదు. షిఫ్టు దిగిన రోజు నేరుగా తోటి గైడ్లతో బీరు తాగడానికి వెళ్లకు. ముందు అరగంట ఎవరితోనైనా కూర్చుని జరిగింది చెప్పి, కాగితం మీద పెట్టి, ఆ తర్వాత వెళ్లు. వెళ్లిపోయిన పిల్లల ఇన్‌స్టాగ్రామ్ చూడటం మానెయ్యి. నీకంటూ ఒక థెరపిస్టును చూసుకో, మీ సంస్థకు సంబంధం లేని మనిషిని. మరీ భరించలేని రాత్రి అమెరికా హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యి, అది ఆ పిల్లలకే కాదు నీకూ ఉంది. ఇది చదువుతూ ఇండియాలో ఇలాంటి రాత్రి గడుపుతున్నవాళ్లకు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

షిఫ్టు దిగాక ఆ అబ్బాయి నీతో ఏమన్నాడో నాకు రాయి. పేరు మాత్రం నాక్కూడా చెప్పకు.