తేమ 5 శాతం తగ్గితే ధాన్యం 6 కిలోలు ఎందుకు తగ్గింది?

కాటా మీద అప్పుడే అనుమానం వద్దండీ. తేమ 22 శాతం ఉన్న దాళ్వా (రబీ) ధాన్యం 100 కిలోలు అమలాపురం దగ్గర కళ్ళంలో ఆరబెట్టి 17 శాతానికి తెచ్చారు. 5 కిలోలు తగ్గాల్సింది 6 తగ్గాయి, ఆ కిలో ఎవరు తిన్నారని కదా మీ టెన్షన్!

ఎవరూ తినలేదు, లెక్క తప్పింది. నీరు ఆవిరై పోతుంది గానీ గింజలోని పొడి పదార్థం కదలదు. మొదట అది 78 కిలోలు, ఆరాక కూడా 78 కిలోలే. కాకపోతే ఇప్పుడది మొత్తంలో 83 శాతం. 78ని 0.83తో భాగించండి, దాదాపు 94 వస్తుంది. 17 శాతం అన్నది పాత 100లో కాదండీ, మిగిలిన 94లో. నేనూ చాలాకాలం ఇక్కడే బోల్తా పడ్డాను.

రసాయన చర్యకు ముందూ తర్వాతా పదార్థం అంతే ఉంటుందని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లెవోయిజర్ 1789లోనే రాశాడు. ఆయన మూసిన పాత్రల్లో తూచాడు. మన కళ్ళానికి మూత లేదు, ఆ 6 కిలోల నీరూ గాలిలో కలిసింది.

అదే 14 శాతానికి ఆరబెడితే 90.7 కిలోలు రావాలి. అంతకన్నా బాగా తగ్గితే తాలు (గింజ లేని పొట్టు), పిచ్చుకలు చూసుకుని, అప్పుడు కాటా సంగతి అడగండి.