జబ్బు లేదంటున్న తమ్ముడితో వాదన వద్దు

మీ తమ్ముడు తనకు స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు వంటివి ఉండే మానసిక జబ్బు) లేదంటూ మాత్రలు పారేస్తున్నాడని, ఎంత నచ్చజెప్పినా వినడం లేదని రాశారు. అది మొండితనం కాదండి. ఈ జబ్బున్న చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. దీన్ని అనోసోగ్నోసియా అంటారు. పక్షవాతంతో చెయ్యి పడిపోయినా బాగానే ఉందనే రోగులను చూసి 1914లో బాబిన్‌స్కీ అనే నరాల డాక్టరు పెట్టిన పేరిది.

మా అన్నయ్య దిండు కింద మాత్రలు దాచేవాడు. ‘నీకు జబ్బుంది’ అన్నప్పుడల్లా ఇంకా దూరమయ్యాడు. చివరికి ‘నిద్ర పట్టడం లేదు’ అని తనే అన్నాడు. ఆ మాట పట్టుకుని, నిద్ర కోసమే డాక్టరు దగ్గరికి వెళ్లాం. మీరూ అతను ఒప్పుకునే బాధ నుంచే మొదలుపెట్టండి. మాత్రలు అబద్ధం చెప్పి అన్నంలో మాత్రం కలపకండి, నమ్మకం పోతుంది. రోజూ మాత్రలకు బదులు కొన్ని వారాలకోసారి ఇచ్చే ఇంజక్షన్ల గురించి డాక్టరును అడగండి. చనిపోతాననో, ఎవరినైనా కొడతాననో అంటే మాత్రం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.