హుక్కులు కుట్టే ఆమె కొడుక్కి మనమేం చేయగలం? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది మీర్‌పేట. చిన్న టైలరింగ్ షాపు నడుపుతాను. బాలాపూర్ దగ్గర గుడిసెల్లో ఉండే, బర్మా నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థి ఆమె ఒకరు మా షాపు నుంచి హెమ్మింగ్, హుక్కులు, ఫాల్ పని ఇంటికి తీసుకెళ్లి చేసిస్తుంది. నన్ను ఆపా అని పిలుస్తుంది. ఆమెకు ఏడేళ్ల కొడుకు. పుట్టగానే ఏడవలేదట. మెడ నిలబడదు, కాళ్లు బిగుసుకుని ఒకదాని మీద ఒకటి పడతాయి, మాట రాలేదు, ఫిట్స్ కూడా ఉన్నాయి. తండ్రి స్క్రాప్ గోదాంలో రోజు కూలీ. పదకొండేళ్ల కూతురు బడి మానేసి తమ్ముణ్ని చూసుకుంటోంది. మా వీధిలో నలుగురం ఆడవాళ్లం కలిసి ఏదైనా చేద్దామనుకున్నాం. వీల్‌చైర్ కొనాలా, పింఛనుకు పెట్టించాలా అర్థం కావడం లేదు. మా ఆయనేమో ‘వాళ్ల కాగితాల గొడవలో తలదూర్చకు, రేపు స్టేషన్ చుట్టూ తిరగాలి’ అని ఒకటే టెన్షన్. ఏం చేస్తే నిజంగా పనికొస్తుంది?
– ఒక సోదరి, మీర్‌పేట

జవాబు: అమ్మా, వీల్‌చైర్ సంగతి తర్వాత. ఈసారి పని ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ బాబుకు అన్నం ఎలా పెడుతున్నారో చూడండి. ఫిజియోథెరపిస్టుగా పనిచేసినన్నాళ్లూ తల్లుల్ని నేను మొదట అడిగింది అదే. మెడ నిలవని పిల్లల్ని చాలా ఇళ్లలో ఒళ్లో వెల్లకిలా వేసుకుని, తల వెనక్కి వాల్చి, గంజో పాలో నోట్లో పోస్తారు. ఇందులో తల్లిని తప్పు పట్టడానికి లేదు, ఆమెకు ఎవరు చెప్పారు గనక! కానీ అలా పోసినదాంట్లో కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ‘చలికాలం వస్తే చాలు, నెమ్ము చేస్తుంది’ అని ఆమె అంటే, కారణం చలి కాకపోవచ్చు.

బాబును కూర్చోబెట్టే పెట్టాలి. గోడ మూలలో దుప్పట్లు మడిచి రెండు పక్కలా ఆసరా ఇచ్చినా సరే, ఒళ్లో నిటారుగా పట్టుకున్నా సరే. నడుము, మోకాళ్లు వంగి ఉండాలి. గడ్డం పైకి లేవకూడదు, తల కొంచెం ముందుకే ఉండాలి. చెంచా ఎదురుగా, కింది వైపు నుంచి రావాలి. చెంచా చిన్నది, అందులో కొంచెమే. ఇలాంటి పిల్లలకు నీళ్లలాంటి పలచని వాటికన్నా మెత్తగా మెదిపిన పప్పన్నం, చిక్కటి జావ మింగడం తేలిక. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. తినేటప్పుడు దగ్గొచ్చినా, కళ్లల్లో నీళ్లు తిరిగినా, గొంతులో గురగురమన్నా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఇలా పెడితే ఒక పూటకు ముప్పావు గంట పడుతుంది. రోజుకు ఎన్ని పూటలో లెక్కేసుకోండి. ఇక ఆమె హుక్కులు ఎప్పుడు కుడుతుంది? మీ నలుగురి అవసరం అక్కడే ఉంది.

రెండోది ఫిట్స్ మందు. కూలి దొరకని వారం వచ్చిందంటే చాలా ఇళ్లలో మందు కొలత తగ్గిస్తారు, ‘ఈ మధ్య రావట్లేదుగా’ అని ఆపేస్తారు కూడా. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ మునుపటికన్నా గట్టిగా రావచ్చు. నన్నడిగితే మీరు వేసుకునే చందాలో మొదటి రూపాయి ఈ మందుకే పోవాలి. వాళ్లలో చాలామందికి బ్యాంకు ఖాతా ఉండదు, ఫోన్‌పే చేద్దామన్నా కుదరదు. వాళ్ల బస్తీ దగ్గరి మెడికల్ షాపులో మీ పేరు మీద ఖాతా పెట్టించండి. చీటీ చూపించి ఆమె మందు తీసుకెళ్తుంది, నెలాఖరుకు మీరు కట్టేస్తారు. అదే మందు జన్ ఔషధి షాపులో ఉందేమో అడగండి, ధర చాలా తగ్గుతుంది. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దని ఆ చుట్టుపక్కల గుడిసెలవాళ్లకు కూడా చెప్పండి. పక్కకు తిప్పి పడుకోబెడితే చాలు. 5 నిమిషాలు దాటినా తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి ముందు వైద్యం, తర్వాతే మిగతా సంగతులు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

పిల్లల ఆసుపత్రి అంటే రెడ్ హిల్స్‌లోని నిలోఫర్. ఓపీ చీటీ దగ్గర ఆధార్ అడిగితే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు చూపించమనండి. మీలో ఒకరు తోడు వెళ్తే మంచిది. తెలుగు మాట్లాడే మనిషి పక్కనుంటే కౌంటరు దగ్గర గొంతులు మారిపోతాయి. అన్యాయమే కానీ చీటీ అయితే త్వరగా చేతికొస్తుంది. ఇంకో సంగతి, మన ఆడవాళ్లకు బస్సులో జీరో టికెట్ ఇస్తారు, ఆమెకు ఆధార్ లేదు గనక టికెట్ కొనాల్సిందే. ఏడేళ్ల పిల్లాణ్ని చంకనేసుకుని రెండు బస్సులు మారడం కన్నా మీరు ఆటో మాట్లాడి ఇవ్వడం నయం. ప్రతి కాగితానికీ జిరాక్సు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టించండి. గుడిసెలు కదా, వానకు తడవడం, అగ్గికి కాలడం రెండూ ఉన్నాయి. మీ ఫోన్లో కూడా ఫొటోలు తీసి ఉంచుకోండి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1984లో పెట్టారు. పాతవాళ్లం ఇప్పటికీ దాన్ని ఎన్ఐఎంహెచ్ అనే అంటాం. బాలాపూర్ నుంచి అది ఊరికి ఆ చివర. వారం వారం వెళ్లడం అయ్యే పని కాదు. ఒకసారి తీసుకెళ్లి పూర్తిగా చూపించి, ఇంట్లో చేయాల్సిన వ్యాయామాలు తల్లికి నేర్పించమని అడగండి. అప్పుడే కుర్చీ గురించి కూడా అడగండి. మెడ నిలవని పిల్లాణ్ని ఆసుపత్రుల్లో కనిపించే మామూలు మడత వీల్‌చైర్‌లో వేస్తే జారిపోతాడు, నడుము ఇంకా వంకరపోతుంది. దాతలు ఫొటోకు ఇచ్చిపోయిన అలాంటి కుర్చీల మీద బట్టలు ఆరేసుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. తలకు ఆసరా, నడుముకు బెల్టు, పాదాలకు పలక ఉన్న సీపీ చైర్, అంటే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని) పిల్లల కోసం చేసే కుర్చీ కావాలి. థెరపిస్టు కొలతలు రాసిస్తే మీ మీర్‌పేటలో వడ్రంగి చేసిపెడతాడు. గుడిసె గుమ్మం వెడల్పు కూడా కొలవడం మరిచిపోకండి.

ఇక పింఛను. మన తెలంగాణలో వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు. దానికి వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సర్టిఫికెట్ (సదరం అంటాం కదా, అది), ఆధార్ కావాలి. ఆ కుటుంబానికి అది రాదు. కేంద్రం ఉచితంగా పరికరాలిచ్చే అడిప్ పథకం కూడా భారత పౌరులకే. ఆరోగ్యశ్రీ మీదా ఆశ పెట్టుకోవద్దు. శరణార్థుల గురించి 1951లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం చేరలేదు, ఐక్యరాజ్యసమితి కార్డు ఉన్నా ప్రభుత్వ పథకాలకు అది చెల్లదు. ఇదంతా చదివి ‘ఎవరో బ్రోకర్ ఉన్నాడట, ఐదు వేలకు ఆధార్ చేయిస్తాడట’ అని ఎవరైనా అంటే వెంటనే ఆపండి. ఆ పని వల్ల బాబుకు పింఛను రాదు సరికదా, తండ్రి జైలుకు పోతాడు. మీ ఆయన భయానికి కారణముంది, కానీ భయపడాల్సింది దీనికి. బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లడం, మందు కొనివ్వడం, పక్కన కూర్చుని అన్నం తినిపించడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. వాళ్లు ఏదైనా ఫారం మీద మీ సంతకం, మీ ఇంటి అడ్రసు అడిగితే మాత్రం అది ఎందుకో తెలుసుకోకుండా ఇవ్వకండి.

ఆ శరణార్థుల సంస్థ వాళ్లకు బాబు పరిస్థితి చెప్పి కుటుంబ రికార్డులో రాయించుకోమనండి. ప్రత్యేక అవసరాలున్న కుటుంబాలను వాళ్లు వేరుగా గుర్తిస్తారు. ‘అలా రాయిస్తే అమెరికా పంపుతారట’ అన్న ఆశ మాత్రం మీరు పెట్టకండి. ప్రపంచంలో శరణార్థులందరిలో వేరే దేశంలో స్థిరపడే అవకాశం ఏడాదికి నూటికి ఒక్కరికి కూడా రాదు.

ఆ కూతురి మాట మీరు ఒక్క ముక్కలో రాసేశారు, నాకైతే ఉత్తరంలో అదే గుచ్చుకుంది. రోహింగ్యా పిల్లలు నేరుగా ప్రభుత్వ బడికి వెళ్లి చేర్చుకోమని అడగవచ్చని, కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో చెప్పింది. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు కాగితం లేదని కూడా చేర్చుకోకుండా ఉండకూడదు. మీరు హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్లి మర్యాదగా మాట్లాడండి. అయితే ఆ పిల్ల బడికి పోవాలంటే పగలు తమ్ముడి దగ్గర ఇంకొకరు ఉండాలి. మీరు నలుగురు వంతులు వేసుకుని మధ్యాహ్నం పూట ఒకరు రెండు గంటలు వెళ్లగలరా? మొదటి వారమంతా తల్లి పక్కనే కూర్చుని, బాబును ఎలా ఎత్తుకోవాలో, ఎలా తిప్పాలో నేర్చుకోండి. అతను మిమ్మల్ని గుర్తుపట్టాక ఆమెను బయటికి పంపండి. వంతులు వేసుకుని మధ్యలో మానేసేటట్టయితే మొదలే పెట్టకండి. ఆమెకు ఆ ఆశ ఒకటి, అది పోయిన బాధ ఒకటి. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఫాల్ కుట్టినందుకు ఆమెకు మీరిచ్చే రేటు, మీ వీధిలో మనవాళ్లకిచ్చే రేటు ఒకటేనా?

ప్రశ్న: మీ శీర్షికలో ఇంతకుముందు కూడా బర్మావాళ్ల గురించి రాశారు. నా మనవడికి ఐదేళ్లు, ఆటిజం. సదరం స్లాటు కోసం మీసేవ చుట్టూ తిరిగి అలిసిపోయాం. మన పిల్లలకే దిక్కులేనప్పుడు పరాయి దేశం వాళ్లకు ఇంత చేయడం అవసరమా? కటువుగా రాసినందుకు క్షమించండి.
– ఒక తాతగారు, మల్కాజ్‌గిరి

జవాబు: క్షమాపణ దేనికండీ, అలసిపోయిన మనిషి అడిగే ప్రశ్నే ఇది. కానీ పైన రాసిన జవాబు చూడండి. పింఛను, ఆరోగ్యశ్రీ, అడిప్ కుర్చీ, ఏదీ వాళ్లకు అందదు. మీ మనవడి వాటాలో వాళ్లు చెయ్యి పెట్టే దారే లేదు. మీకు స్లాటు దొరకకపోవడానికి కారణం బాలాపూర్ గుడిసెల్లో లేదు, ఆఫీసుల్లో ఉంది. వాళ్లు సరదాకు వచ్చినవాళ్లూ కాదు. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టంతో పుట్టిన దేశంలోనే పరాయివాళ్లయ్యారు. 2012లో, మళ్లీ 2017లో ఊళ్లు తగలబడితే ప్రాణాలు పట్టుకుని బయటపడ్డారు.

మీ మనవడి విషయానికొస్తే, సదరం కోసం ఎదురుచూస్తూ థెరపీ ఆపకండి. ఐదేళ్ల వయసులో పోయిన ఏడాది తిరిగి రాదు. దగ్గరి మండల విద్యా వనరుల కేంద్రంలో భవిత సెంటరు ఎక్కడుందో అడగండి, అక్కడ ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే టీచర్లుంటారు. సర్టిఫికెట్ వచ్చాక నిరామయ బీమాకు పెట్టండి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులిస్తారు, థెరపీ కూడా అందులో ఉంది. మరో మాట. మీరు పడ్డ తిప్పలతో మీకు తెలిసివచ్చినవి, ఏ కౌంటరులో ఎవరిని అడగాలి, ఏ డాక్టరు తొందరపడకుండా వింటారు లాంటివి, మీ వీధిలో ఇంకో కుటుంబానికి ఇప్పుడు కావాలి. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు నెలకోసారి ఒకచోట కలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది. మొదట మీరే పిలవండి.

ప్రశ్న: నేను డిగ్రీ సెకండియర్. బాలాపూర్‌లో ఒక దివ్యాంగ పాప వీడియో తీసి ఇన్‌స్టాలో పెట్టి ఫండ్స్ కలెక్ట్ చేద్దామనుకుంటున్నాను. క్యాప్షన్ ఎలా ఉంటే బాగుంటుంది?
– ఒక విద్యార్థి, సరూర్‌నగర్

జవాబు: వీడియో వద్దు బాబూ. శరణార్థి కుటుంబం మొహం, గల్లీ, గుడిసె నంబరు పదిమందికీ తెలిస్తే వచ్చేవాళ్లంతా సాయం చేసేవాళ్లే అయ్యుండరు. కామెంట్లలో ఏం రాస్తారో నీకూ తెలుసు, ఆ పాప అక్కో అన్నో రేపు అవి చదువుతారు. తల్లి ‘సరే’ అంది అంటావేమో. చేతిలో పదివేలు పెడతానన్నవాణ్ని వద్దనగల పరిస్థితిలో ఆమె ఉందా? డబ్బు కావాలంటే నీ క్లాసులో, మీ కాలనీలో, నీ మొహం చూపించి అడుగు. ఎంత వచ్చింది, ఏ మందుకు పోయింది అని బిల్లులు ఫొటో తీసి ఇచ్చినవాళ్లకు పంపు, బిల్లు మీద పాప పేరు కనపడకుండా చూడు. బండి ఉంటే ఇంకా మంచిది. ఓపీ రోజు పొద్దున్నే నిలోఫర్‌లో లైనులో నిలబడి చీటీ తీసి, ఆమె ఆటో దిగేసరికి చేతికివ్వు. వెళ్లేముందు ఆ చీటీకి ఏ కాగితాలు కావాలో, పాప లేకుండా ఇస్తారో లేదో ముందురోజే కౌంటరులో కనుక్కో.