చిన్న ఈటీపీకి భద్రత అంటే కెమెరాలు, ముళ్లకంచెలేనా? ముందు ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: ఎర్రగుంట్ల దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో ఈటీపీ, అంటే ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంట్, చూసుకుంటున్నారు. ప్లాంట్ మొత్తం ఫోన్‌లో కనబడాలని ఓనర్ ఇంటర్నెట్ పెట్టిస్తున్నారు. భద్రతకు కొంత డబ్బు ఇస్తామన్నారు. ఆ డబ్బు కెమెరాలకు, కంచెకు పెట్టాలా, ఇంకేమైనా చేయాలా?

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్‌ని. పన్నెండేళ్లుగా కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఈటీపీలు, ఎస్టీపీల (మురుగునీటి శుద్ధి ప్లాంట్ల) కంట్రోల్ ప్యానెళ్లు, సెన్సర్లు చూస్తున్నాను. కంచె వేయించండి, అవసరమే. కానీ అంతకంటే ముందు మీ ప్లాంట్ తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో లెక్క తీయండి. గేటు తాళం సంగతి ఒక్కటే కాదు నేను చెప్పేది. ఈ మాట నాకు ఒక రాత్రి అనుభవం మీద తెలిసింది.

కర్నూలుకు దగ్గర్లో ఒక యూనిట్, పేరు చెప్పను. వాన పడుతున్న రాత్రి, రెండు దాటింది. నేను కంట్రోల్ రూమ్‌లో ఉన్నాను. స్క్రీన్ మీద అంతా సరిగ్గానే ఉంది. ఈక్వలైజేషన్ ట్యాంక్ (వ్యర్థజలం మొదట చేరే ట్యాంక్) 62 శాతం, బ్లోయర్ (ట్యాంకుల్లోకి గాలి పంపే యంత్రం) పచ్చరంగులో, అంటే నడుస్తున్నట్టు. ఆపరేటర్ బయటి నుంచి తడుస్తూ వచ్చాడు. వయసులో పెద్ద, మేమంతా పెద్దాయన అనే పిలిచేవాళ్లం. "ఏం నాయనా, బ్లోయర్ నిలిపినావా? శబ్దం రాలేదే" అన్నాడు. నేను స్క్రీన్ చూపించి, "నడుస్తోంది కదా పెద్దాయనా" అన్నాను. ఆయన స్క్రీన్ వైపు చూడను కూడా చూడలేదు. "వచ్చి చూడు" అని వెనక్కి తిరిగాడు.

వెళ్లి చూస్తే బ్లోయర్ ఆగిపోయి ఉంది. ట్రాన్స్‌ఫర్ పంపు కూడా ఆగింది. ట్యాంక్‌లో నీళ్లు అంచుకు జానెడు కింద ఉన్నాయి. స్క్రీన్ మీది 62 ఎప్పటిదో పాత అంకె. పెద్దాయన ప్యానెల్ దగ్గర సెలెక్టర్ స్విచ్‌ని ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పి, పచ్చ బటన్ నొక్కాడు. బ్లోయర్ లేచింది. నేను పంపు వేశాను. లెవెల్ దిగడం కళ్లారా చూసేదాకా ఇద్దరం వానలో అక్కడే నిలబడ్డాం.

ఆ ట్యాంక్ పొంగితే నీళ్లు పోయేది కాంపౌండ్ గోడ అవతలి వంకలోకి. ఆ వంకలో గొర్రెలు తాగుతాయి. దాని గట్టు మీదే ఊరివాళ్ల బోర్లున్నాయి. వంక హంద్రీలో కలుస్తుంది, హంద్రీ కర్నూలులో తుంగభద్రలో కలుస్తుంది. పైగా బ్లోయర్ ఎక్కువసేపు ఆగితే ఏరేషన్ ట్యాంక్‌లో గాలి అందక, మురికిని తినే బ్యాక్టీరియా దెబ్బతింటుంది. బాగా దెబ్బతింటే అది మళ్లీ నిలదొక్కుకోవడానికి వారాలు పట్టొచ్చు. అన్నాళ్లూ బయటికి వెళ్లేది సరిగ్గా శుద్ధి కాని నీరే.

కారణం మరుసటి రోజు తెలిసింది. రెండేళ్ల కింద ప్యానెల్ అమర్చిన కంపెనీ, దూరం నుంచి రిపేరు చేయడానికి అనుకూలంగా ఉంటుందని, ప్యానెల్ లోపల సిమ్ వేసిన 4జీ రౌటర్ ఒకటి, కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌లో రిమోట్ సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి వెళ్లింది. ఆ రాత్రి వాళ్ల ఇంజనీరు ఇంకో ఊళ్లోని ప్లాంట్ ప్రోగ్రామ్ మార్చాలని కూర్చున్నాడు. లిస్టులో పొరపాటున మా ప్లాంట్‌ను ఎంచుకున్నాడు. వాళ్ల కస్టమర్లందరికీ పాస్‌వర్డ్ ఒకటే కాబట్టి తలుపు తెరుచుకుంది. పీఎల్‌సీని, అంటే పంపులను, బ్లోయర్‌ను నడిపే ప్యానెల్ లోపలి చిన్న కంప్యూటర్‌ను, స్టాప్‌లో పెట్టాడు. తప్పు తెలిసి అతనే ఫోన్ చేసి చెప్పాడు, చాలా బాధపడ్డాడు. చెడ్డవాడు కాదు, పని తెలిసినవాడు.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది అదే. ఏ చెడు ఉద్దేశమూ లేని మనిషి, ఎక్కడో కూర్చుని, ఒక్క క్లిక్‌తో మా ప్లాంట్‌ను ఆపగలిగాడు. ఉద్దేశం ఉన్నవాడైతే? మా గేటు దగ్గర ఇద్దరు వాచ్‌మెన్లు, నాలుగు కెమెరాలు ఉన్నాయి. ఏ కెమెరాకూ ఆ మనిషి కనబడలేదు. ఆ రౌటర్ ఉందన్న సంగతే మాలో ఒక్కరికీ గుర్తు లేదు.

ఉద్దేశం ఉన్నవాడు ఏం చేస్తాడో ఆస్ట్రేలియాలో 2000లోనే చూశారు. క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రంలో మరూచీ అనే చోట మురుగునీటి పంపింగ్ స్టేషన్లన్నీ రేడియో ద్వారా నడిచేవి. ఆ రేడియో వ్యవస్థను అమర్చిన కంపెనీలో పనిచేసి మానేసిన ఒకతను అక్కడి కౌన్సిల్‌లో ఉద్యోగం అడిగాడు, ఇవ్వలేదు. ఆ కోపంతో కారులో ల్యాప్‌టాప్, రేడియో పెట్టుకుని తిరుగుతూ పంపులకు దొంగ ఆదేశాలు పంపాడు. సుమారు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి, ఒక హోటల్ ఆవరణలోకి పారింది. అక్కడివాళ్లు మొదట్లో పరికరాల లోపం అనుకుని వాటినే రిపేరు చేస్తూ కూర్చున్నారు. చివరికి అతను పట్టుబడ్డాడు, 2001లో రెండేళ్ల జైలు పడింది. అతను ఏ గోడా దూకలేదు. పాత కంపెనీలో పనిచేస్తూ ఆ వ్యవస్థ గురించి నేర్చుకున్న జ్ఞానంతో చేశాడు.

అందుకే ముందు ఒక నోటుబుక్కు తీసుకుని ప్యానెల్ దగ్గరికి వెళ్లండి. ప్యానెల్ తలుపు తీసి, ప్రతి కేబుల్ ఎక్కడికి పోతోందో చేత్తో పట్టుకుని చూడండి. సిమ్ ఉన్న పెట్టె ఏదైనా ఉందా, దాని బిల్లు ఎవరు కడుతున్నారు, కంప్యూటర్‌లో రిమోట్ సాఫ్ట్‌వేర్లు ఏమున్నాయి, వాటి పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, ఉద్యోగం మానేసినవాళ్లలో ఎంతమందికి తెలుసు, అన్నీ రాయండి. ఒక పూట పని ఇది, పైసా ఖర్చు లేదు. నేను ఈ పని చేసిన ప్రతి ప్లాంట్‌లోనూ ఎవరికీ గుర్తులేని దారి ఒక్కటైనా దొరికింది.

దొరికిన దారులన్నీ మూసేయమని నేను చెప్పను. ప్యానెల్ కంపెనీ ఇంజనీరు హైదరాబాదు నుంచో చెన్నై నుంచో రావాలంటే ఒక రోజు పడుతుంది, రిమోట్ అవసరమే. కానీ ఆ రౌటర్‌కు కరెంటు ఇచ్చే చోట మామూలు స్విచ్ ఒకటి పెట్టించండి. వాళ్లు ఫోన్ చేసి అడిగినప్పుడే స్విచ్ వేయాలి, మీ మనిషి పక్కన నిలబడాలి, పని కాగానే ఆపేయాలి, ఎవరు ఎప్పుడు వచ్చారో లాగ్‌బుక్‌లో రాయాలి. ఆ రాత్రి తరవాత మేము చేసిన మొదటి పని అదే.

పాస్‌వర్డ్‌ల గురించి పొడుగ్గా చెప్పను. 2023 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, అలిక్విపా అనే చిన్న పట్టణపు మంచినీటి సంస్థకు చెందిన ఒక బూస్టర్ స్టేషన్‌లో (నీటి ఒత్తిడి పెంచే పంపు హౌస్‌లో) పీఎల్‌సీని హ్యాకర్లు పట్టేశారు. ఆ దాడుల మీద అక్కడి ప్రభుత్వం ఇచ్చిన హెచ్చరికలో ఉన్న మాట: ఆ రకం పీఎల్‌సీలకు కంపెనీ నుంచి వచ్చే పాస్‌వర్డ్ 1111, దాన్ని వెంటనే మార్చండి అని. అలిక్విపాలో సిబ్బంది వెంటనే మాన్యువల్‌కు మారడం వల్ల జనానికి నీళ్లు ఆగలేదు. ఊరు చిన్నది, మనల్ని ఎవరు పట్టించుకుంటారు అనుకోవడానికి వీల్లేదు. వాళ్లు ఊరిని చూసి రాలేదు, ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న పరికరాన్ని చూసి వచ్చారు.

పీఎల్‌సీ మీద రన్, ప్రోగ్రామ్ అని తిప్పే చిన్న తాళం ఉంటే దాన్ని రన్‌లో పెట్టి, తాళంచెవి తీసి మీ దగ్గర పెట్టుకోండి. 2017లో సౌదీ అరేబియాలో ఒక పెట్రోకెమికల్ ప్లాంట్‌లో, ప్రమాదం వస్తే ప్లాంట్‌ను ఆపాల్సిన సేఫ్టీ కంట్రోలర్‌లోకే హ్యాకర్లు చొరబడ్డారు. ఆ తాళం ప్రోగ్రామ్ వైపు వదిలేసి ఉండటం వాళ్లకు కలిసొచ్చింది. మనవైపు కూడా చాలా చోట్ల ఆ తాళంచెవి ప్లాంట్ మొదలుపెట్టిన రోజు నుంచీ దానికే వేలాడుతూ ఉంటుంది.

ఇక మీ ఓనర్ ఫోన్ సంగతి. ఆయన కోరిక తప్పు కాదు. ఫోన్‌లో చూడటం వేరు, ఫోన్ నుంచి నడపడం వేరు. ఆయనకు చూడటం చాలు. దానికి నేను వాడే పద్ధతి పాతది. మీటర్ల నుంచి వచ్చే 4-20 మిల్లీయాంపియర్ సిగ్నల్‌కు ఒక స్ప్లిటర్ పెట్టి, ఒక కొస పీఎల్‌సీకి, ఇంకో కొస విడిగా ఉన్న డేటా లాగర్‌కు (రీడింగులు నమోదు చేసే పెట్టెకు) ఇస్తాను. ఇంటర్నెట్ ఆ లాగర్‌కు మాత్రమే. ఆ తీగలో పోయేది కొంచెం కరెంటు, అంటే ఒక అంకె. లాగర్‌ను ఎవడు హ్యాక్ చేసినా ఆ తీగ పట్టుకుని వెనక్కి పీఎల్‌సీలోకి రాలేడు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో 17 రకాల పరిశ్రమలకు ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని ఆదేశించింది. మీది ఆ కోవలోకి వస్తే మండలికి డేటా పంపే పెట్టె ఇప్పటికే ఉంటుంది. దాన్ని పీఎల్‌సీతో నెట్‌వర్క్ కేబుల్ మీద కలిపారేమో తప్పకుండా చూడండి.

నా లెక్కలో అన్నిటికంటే విలువైనది ఇంకొకటి. కంప్యూటర్ మొత్తం వేరేవాళ్ల చేతికి పోయినా ప్లాంట్ పెద్ద హాని చేయలేని స్థితిలో ఉండాలి. ఈక్వలైజేషన్ ట్యాంక్‌లో పై అంచుకు కింద ఒక ఫ్లోట్ స్విచ్ (నీళ్లు పైకి వస్తే తేలి దానంతట అదే పడే స్విచ్) వేలాడదీసి, దాని తీగను పీఎల్‌సీకి ఇవ్వకుండా నేరుగా హూటర్‌కు ఇవ్వండి. స్క్రీన్ అబద్ధం చెప్పినా నీళ్లు పైకి వస్తే హూటర్ మోగుతుంది. ఆ రాత్రి మాకు అది ఉండి ఉంటే పెద్దాయన చెవుల మీద ఆధారపడాల్సి వచ్చేది కాదు. అలాగే యాసిడ్, కాస్టిక్ డోసింగ్ పంపులను (వాటిని కొలత ప్రకారం నీటిలో కలిపే పంపులను) పెద్ద స్టోరేజీ ట్యాంక్‌కు నేరుగా కలపొద్దు. మధ్యలో ఒక రోజుకు సరిపడే చిన్న డే ట్యాంక్ పెట్టి, దాన్ని మనిషే నింపాలి. అప్పుడు ఎవరైనా డోసింగ్‌ను నూటికి నూరు పెట్టినా ఆ చిన్న ట్యాంక్‌లో ఉన్నంతే పోతుంది.

ఇంకా, నెలకు ఒక షిఫ్ట్ మొత్తం మాన్యువల్‌లో నడపండి. కొత్తగా చేరే పిల్లలు స్క్రీన్ తప్ప ఇంకేమీ చూడటం లేదు. సెలెక్టర్ స్విచ్ తుప్పు పట్టి తిరగని ప్లాంట్లు నేను చూశాను. పెద్దాయన ఆ రాత్రి చీకట్లో, వానలో తడుముకోకుండా సరైన బటన్ నొక్కాడంటే, ఇరవై ఏళ్లు చేత్తో నడిపిన అనుభవం అది. ఆ అనుభవాన్ని కుర్రాళ్లకు అందించే బాధ్యత మీలాంటి ఇన్‌చార్జిలదే.

కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్‌లు, ఫోన్ చార్జింగ్ కేబుళ్లు పెట్టనివ్వొద్దు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరస్ యూఎస్‌బీ డ్రైవుల ద్వారా కూడా పాకేది. పీఎల్‌సీ ప్రోగ్రామ్ కాపీ ఒకటి తీసి, తేదీ రాసి, ప్లాంట్‌లో ఒకచోట, ఆఫీసు బీరువాలో ఒకచోట పెట్టండి. ప్యానెల్ కంపెనీ ఇవ్వనంటే పట్టుబట్టండి, మీరు డబ్బిచ్చి చేయించుకున్నదది.

కంచె విషయానికి వస్తే, మనవైపు ఈటీపీలో దొంగలకు కావాల్సింది రాగి. రాత్రిపూట కేబుల్ కోసుకుపోతే హ్యాకింగ్ జరిగినంత నష్టమూ జరుగుతుంది. మనిషి లేని పంపు హౌస్‌లకు లైటు, గట్టి తలుపు ముందు పెట్టండి, కెమెరా తరవాత. కంచె వేయమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మూసిన సంప్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉండొచ్చు, ఉంటే కేబుల్ కోసం దిగినవాడు పైకి రాడు. బంతి కోసం గోడ దూకే పిల్లలుంటారు, మేక వెనకాల వచ్చే కాపరి ఉంటాడు. వాళ్ల ప్రాణానికి కూడా ఆ కంచె కావాలి.

మీ దగ్గర క్లోరిన్ టన్నర్లు (క్లోరిన్ నింపిన పెద్ద సిలిండర్లు) ఉంటే మాత్రం డబ్బులో మొదటి వాటా వాటికే. ఒక్కో టన్నర్‌లో సుమారు 900 కిలోల క్లోరిన్ ఉంటుంది. ఆ గాలి మామూలు గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, పల్లంలో నిలిచిపోతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే వాయువును సైనికుల మీదికి వదిలారు. టన్నర్లను తాళం వేసిన గదిలో పెట్టి, ప్రతి షిఫ్ట్‌లో లెక్కపెట్టండి. వీలైతే వాటి బదులు సోడియం హైపోక్లోరైట్ ద్రావణానికి మారమని ఓనర్‌కు చెప్పండి. చిన్న ప్లాంట్‌కు అది చాలు.

ఏదైనా జరిగితే దాచొద్దు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి సైబర్ ఘటన కంపెనీ దృష్టికి వచ్చిన ఆరు గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. మా రాత్రి జరిగింది పొరపాటే అయినా, మేము రాసి పెట్టుకున్న లాగ్‌బుక్ పేజీ వల్లే కంపెనీ వాళ్లతో పాస్‌వర్డ్‌లు మార్పించగలిగాం.

మీ ప్యానెల్ తలుపు తీసినప్పుడు లోపల ఏమేం కనబడ్డాయో, పీఎల్‌సీ మీద ఆ తాళం ఏ వైపు ఉందో కింద కామెంట్‌లో రాయండి. ఐపీ అడ్రస్‌లు, పాస్‌వర్డ్‌లు, ఫ్యాక్టరీ పేరు మాత్రం రాయొద్దు. దాన్ని బట్టి ముందు ఏది మార్చాలో చెప్తాను.